చేత్తో తిప్పే రంగులరాట్నం ఎక్కినవాళ్ళు ఉన్నారా? మీ ఊరి తిరునాళ్ళు, జాతర, ఎగ్జిబిషన్ జ్ఞాపకాలు రాయండి

కొల్లేటి కొంగ | ఆదివారం ఉదయం

మాది కొల్లేరు గట్టున ఒక చిన్న ఊరు. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర వస్తే పడవెక్కి వెళ్ళేవాళ్ళం. మనుషులే కాదు, రంగులరాట్నం కూడా నీళ్ళ మీదే వచ్చేది. రెండు పడవల్ని పక్కపక్కన కట్టి, పైన బల్లలు పరిచి, వాటి మీద చెక్క గుర్రాలు, దూలాలు, తాళ్ళు పేర్చుకొచ్చేవారు. గట్టు మీద నిలబడితే దూరం నుంచే గుర్రాల తలలు కనపడేవి. "రాట్నం వస్తోంది" అని కేకలేసుకుంటూ రేవు దాకా పరిగెత్తేవాళ్ళం. అమ్మవారి దర్శనం కన్నా ముందే మా జాతర అక్కడ మొదలైపోయేది.

ఆ రాట్నానికి కరెంటు లేదు, మోటారు లేదు. భార్యాభర్తలిద్దరు తిప్పేవారు. ముందు ఇద్దరూ కలిసి నెట్టేవారు. కాస్త వేగం అందుకున్నాక ఆవిడ పక్కకు తప్పుకుని డబ్బులు వసూలు చేసుకునేది, ఆయన చట్రం పట్టుకుని దాంతోపాటే పరిగెత్తేవాడు. గుర్రాలు, ఒక ఏనుగు, ఒక సింహం, ఒక కుర్చీ ఉండేవి. కుర్చీ పసిపిల్లల్ని ఒళ్ళో పెట్టుకున్న తల్లులకు. నాకు మాత్రం బయటి వరస గుర్రమే కావాలి. దొరక్కపోతే తర్వాతి ఆట దాకా ఆగేవాణ్ణి.

ఆ దంపతులు ఎక్కణ్ణుంచి వచ్చేవారో, జాతర అయ్యాక ఎక్కడికి పోయేవారో, వానాకాలంలో ఏం తినేవారో, ఆ గుర్రాలను ఎవరు చెక్కారో నాకు తెలియదు. మా ఊరి గుడి గురించి పుస్తకాలున్నాయి, కొల్లేటి పక్షుల గురించి ఎన్నో వ్యాసాలున్నాయి. అన్నేళ్ళు మాకు అంత సంతోషం పంచిన మనుషుల గురించి మాత్రం ఎక్కడా ఒక్క ముక్క లేదు. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను. మీకు గుర్తున్నవన్నీ రాయండి. రాట్నం తిప్పినవాళ్ళ గురించి ఏ కాస్త తెలిసినా అది ముందు రాయండి.

నాంపల్లి గేటు | ఆదివారం మధ్యాహ్నం

మాకు జాతర అంటే నుమాయిషే, హైదరాబాద్ నాంపల్లిలో ఏటా జరిగే ఎగ్జిబిషన్. జనవరి 1న మొదలై ఫిబ్రవరి 15 దాకా. స్వెట్టర్లు వేసుకుని ఇంటిల్లిపాదీ వెళ్ళేవాళ్ళం. అమ్మ కశ్మీరీ దుకాణాల దగ్గర, లక్నో చికన్ బట్టల దగ్గర ఆగిపోయేది. మేము నాన్న చెయ్యి పట్టుకుని ఆటలవైపు లాగేవాళ్ళం. మొదట బుల్లి రైలు, తర్వాత రంగులరాట్నం, చివర్లో జెయింట్ వీల్. ఈ వరస మారడానికి వీల్లేదు, ఎందుకంటే వీల్ దిగాక మా చెల్లికి కళ్ళు తిరిగేవి, ఇక ఇంటికే.

వీల్ పైకి చేరి ఆగినప్పుడు ఒకవైపు నాంపల్లి స్టేషన్, ఇంకోవైపు మొజంజాహీ మార్కెట్ దీపాలు. అంత పెద్ద హైదరాబాద్‌ను నేను మొదట చూసింది అక్కణ్ణుంచే.

తెలియనివాళ్ళ కోసం కొంచెం చరిత్ర. ఉస్మానియా పట్టభద్రుల సంఘం 1938లో దీన్ని మొదలుపెట్టింది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ప్రారంభించారు. అప్పుడు జరిగింది పబ్లిక్ గార్డెన్స్‌లో, స్థానికంగా తయారయ్యే సరుకులు చూపించడానికి. జనం పెరిగి చోటు చాలక 1946లో ఇప్పటి మైదానానికి మారింది. 1947, 48ల్లో జరగలేదు. 1949లో రాజాజీ చేతుల మీదుగా మళ్ళీ తెరిచారు. మనం కొన్న టికెట్ల మీద వచ్చే డబ్బుతో ఎగ్జిబిషన్ సొసైటీ కాలేజీలు నడుపుతోంది. సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయ, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ వాళ్ళవే. మా అక్క వనితలో చదివింది. చిన్నప్పుడు మేము ఎక్కిన రాట్నం డబ్బులే ఆ బల్లలయ్యాయని మా నాన్న గర్వంగా చెప్పేవారు.

అయితే కొంగ గారు అడిగిన ప్రశ్నకు నా దగ్గరా జవాబు లేదు. రాట్నం నడిపేవాళ్ళు ఎక్కువగా హిందీలో మాట్లాడుకునేవారన్నది ఒక్కటే గుర్తుంది.

మేడారం దారి | ఆదివారం మధ్యాహ్నం

మాది వరంగల్ పక్కన. రెండేండ్లకోసారి మాఘ పున్నమికి సమ్మక్క సారలమ్మ జాతరకు ఎడ్ల బండి మీద పోయేది మా తాతల కాలంల, మేం లారీల పోయినం. అక్కడి జనం ఎంతంటే, చెయ్యి ఇడిస్తే మనిషి దొరకడు. అందుకని మా నాయన గద్దెల కాడికి పోకముందే జెయింట్ వీల్ చూపించి, "తప్పిపోతే గీడికే వచ్చి నిలబడు, ఎక్కడికీ పోకు" అని చెప్పేటోడు. రాత్రయితే దాని లైట్లు చాలా దూరం కనపడేవి. నిజంగనే ఒకసారి తప్పిపోయిన. ఏడ్చుకుంట దాని కిందికే పోయిన. టికెట్లు చింపే ఆయన నన్ను పక్కన కూసోబెట్టుకుని, బెల్లం ముక్క పెట్టి, మా నాయన వచ్చేదాకా చెయ్యి వదలలే. ఆయన పేరు తెల్వదు. మొఖం ఇప్పటికీ యాదికున్నది.

పల్నాటి ప్రభ | ఆదివారం సాయంత్రం

కోటప్పకొండ తిరునాళ్ళ గురించి నేను రాయకపోతే ఇంకెవరు రాస్తారు! శివరాత్రికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కరెంటు ప్రభలు వస్తాయి. తాటిచెట్టును మించిన ఎత్తు, ఒళ్ళంతా రంగు బల్బులు. కింద నిలబడి చూస్తే మెడ నొప్పెడుతుంది. రాట్నం ఎక్కితే మాత్రం ప్రభను ఎదురుగా చూడొచ్చు. అందుకే ఎక్కేవాళ్ళం.

మేము ఎక్కింది అడ్డంగా తిరిగే గుర్రాల రాట్నం కాదు, నాలుగు తొట్లున్న నిలువు రాట్నం. మొత్తం కొయ్యే. దాన్ని తిప్పడానికి ఇద్దరు కుర్రాళ్ళు పైకెక్కి, దాని ఆకుల మీద, అంటే అడ్డ కర్రల మీద, కాలు పెట్టి తమ బరువుతో కిందికి తొక్కేవారు. తొట్టి కిందికి దిగేలోపు దూకేసి మళ్ళీ పైకి పాకేవారు. ఆ పాకడం చూడ్డానికే జనం మూగేవారు. అప్పుడు నాకది సరదాగా అనిపించింది. ఇప్పుడు నా కొడుక్కి ఆ కుర్రాళ్ళ వయసొచ్చింది. ఆ దృశ్యం గుర్తొస్తే గుండె దడదడలాడుతుంది.

ఉప్పుగాలి | ఆదివారం రాత్రి

విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను పండగ. దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం. అయోధ్య మైదానం ఎగ్జిబిషన్, బొబ్బట్లు, పీచుమిఠాయి. విశాఖ నుంచి బస్సులో మా మావయ్య తీసుకెళ్ళేవాడు. ఇప్పుడు పిల్లల్ని కైలాసగిరి రైలు ఎక్కిస్తుంటాం. అదీ బాగుంటుంది, సముద్రం కనిపిస్తుంది. కానీ రాట్నం వేరు.

రాట్నం వాళ్ళబ్బాయి | సోమవారం ఉదయం

ఈ చర్చ లింకు నా స్నేహితుడు పంపాడు. రాత్రంతా నిద్ర పట్టలేదు. కొంగ గారు అడిగినవాటికి నేను జవాబు చెప్పగలను. మా తాత, మా నాన్న ఇద్దరూ రాట్నం తిప్పినవాళ్ళే. మీరు చూసిన దంపతులు మావాళ్ళు కాదు, మేము కోనసీమ వైపు తిరిగేవాళ్ళం. అయినా బతుకు ఒకటే.

మా ఏడాది సంక్రాంతితో మొదలయ్యేది. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం. మాఘంలో అంతర్వేది తీర్థం, రథం లాగే భీష్మ ఏకాదశికి వారం ముందే చేరాలి, లేకపోతే మంచి చోటు దొరకదు. తర్వాత శివరాత్రి. ఉగాది నుంచి ఎండాకాలమంతా ఊరూరా గ్రామదేవతల జాతరలు. తొలకరి పడితే ఆట కట్టు. నేల మెత్తబడితే గుంజ నిలవదు. వానాకాలం మా నాన్న వ్యవసాయ కూలికి వెళ్ళేవాడు, అమ్మ నాట్లకు వెళ్ళేది. దసరాకు మళ్ళీ సామాను బయటికి.

రాట్నం ఎలా నిలబెట్టేవారో చెప్తాను. ముందు నడి గుంజ. నడుం లోతు గొయ్యి తీసి గుంజ దింపి, చుట్టూ రాళ్ళు వేసి దిమ్మిసతో కొట్టేవారు. మా తాత దాన్ని భుజంతో గుద్ది చూసి, కదిలితే మొత్తం తవ్వించేవాడు. గుంజ తలకు ఇనుప ములుకు, దాని మీద బోర్లించినట్టు ఒక ఇనుప గిన్నె, ఆ గిన్నెకు దూలాలు. ములుకుకు ఆముదం. సాయంత్రానికి కిర్రుమని చప్పుడొస్తే ఆట ఆపి మళ్ళీ ఆముదం వేయాల్సిందే. దూలాల చివర్ల నుంచి ఇనుప ఊచలకు గుర్రాలు వేలాడేవి.

అన్నిటికన్నా కష్టమైన పని తిప్పడం కాదు, పిల్లల్ని సర్దడం. ఒకవైపు బరువు ఎక్కువైతే గుంజ ఒరుగుతుంది. అందుకని బొద్దుగా ఉన్న పిల్లాణ్ణి ఒక గుర్రం మీద కూర్చోబెడితే, ఎదుటి గుర్రం మీద ఇద్దరు సన్నపిల్లలు. పిల్లలేమో నచ్చిన గుర్రం కోసం ఏడుస్తారు. మా అమ్మ ఒక్క చూపుతో ఎవరి బరువెంతో చెప్పేసేది, బుజ్జగించి కావాల్సిన చోట కూర్చోబెట్టేది. ఆ నేర్పు నాకు రాలేదు.

గుర్రాలు మామిడి చెక్కతో మా తాతే చెక్కాడు. ఏటా సంక్రాంతికి ముందు రంగులు. ఒళ్ళంతా నాన్న పూసేవాడు, కళ్ళు మాత్రం అమ్మ దిద్దేది.

కొంగ గారూ, మీరు ఆ దంపతుల్ని గుర్తుపెట్టుకున్నారు చూశారా, అది చదివి మా అమ్మకు వినిపించాను. కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

కొల్లేటి కొంగ | సోమవారం ఉదయం

అబ్బాయి గారూ, మీరు రాసింది చదివి నాకు మాట రావడం లేదు. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. ఒక్కటి అడగాలనుంది. మీ రాట్నం ఎప్పుడు ఆగిపోయింది, ఎందుకు ఆగిపోయింది?

రాట్నం వాళ్ళబ్బాయి | సోమవారం మధ్యాహ్నం

తప్పకుండా చెప్తాను. జనానికి మా మీద మోజు తగ్గిందని అందరూ అనుకుంటారు. అది నిజం కాదు, చివరి ఏడాది కూడా పిల్లలు వరస కట్టారు. ఆపించింది స్థలం పాట. తీర్థంలో ఖాళీ జాగాను వేలం వేస్తారు. పాట పాడినవాడు మొత్తం డబ్బు కట్టి, మళ్ళీ మాలాంటివాళ్ళ దగ్గర అద్దె వసూలు చేసుకుంటాడు. జనరేటర్ పెట్టి జెయింట్ వీల్, కొలంబస్, బ్రేక్ డ్యాన్స్ లాంటి మోటారు ఆటలు నడిపేవాళ్ళు రావడం మొదలయ్యాక పాట ఎక్కడికో వెళ్ళిపోయింది. వాళ్ళకు ఒక ఆటలో వచ్చే డబ్బు మాకు పూటంతా తిప్పినా రాదు. గుడి ముందు చోటు పోయింది, చెరువు వెనక్కి పంపారు. అక్కడికి పిల్లలెందుకొస్తారు? నాన్నకు మోకాళ్ళు కూడా పోయాయి. రోజంతా ఒకే వైపు గుండ్రంగా పరిగెత్తే మనిషి కాళ్ళు ఎన్నాళ్ళుంటాయి?

ఇంకొక మాట. మా దగ్గర డబ్బుల్లేని పిల్లలకు ఒక పద్ధతి ఉండేది. కాసేపు నాన్నతో కలిసి నెడితే తర్వాతి ఆట ఊరికే ఎక్కొచ్చు. ఊళ్ళో సగం మంది పిల్లలు అలాగే ఎక్కారు. మోటారు రాట్నాల్లో ఆ దారి లేదు. డబ్బుంటేనే.

లెక్కల మాస్టారు | సోమవారం సాయంత్రం

నేను మెకానికల్ చదివాను. ఈ పరిగెత్తే సంగతి లెక్క వేసి చూశాను. గుంజ నుంచి బయటి గుర్రం 4 మీటర్ల దూరంలో, లోపలి గుర్రం 2 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. చుట్టు తిరగడానికి 10 సెకన్లు పడితే లోపలి గుర్రం వేగం గంటకు నాలుగున్నర కిలోమీటర్లు, అంటే మామూలు నడక. బయటిది సరిగ్గా రెట్టింపు, గంటకు 9 కిలోమీటర్లు, అంటే పరుగు. రెండూ ఒకే చుట్టు, ఒకే టికెట్టు. కొంగ గారు బయటి వరస కోసం ఆగడంలో మంచి న్యాయమే ఉంది. బయటి అంచు పట్టుకుని నెట్టేవాళ్ళకు బలం తక్కువ సరిపోతుంది, పరుగు మాత్రం ఎక్కువ. లోపలి నుంచి నెడితే పరుగు తక్కువ, భుజం బలం ఎక్కువ కావాలి. అబ్బాయి గారి నాన్నగారు బయట, అమ్మగారు లోపల ఉండేవారా? కుదిరితే చెప్పండి.

ఇంగ్లండులో ఫ్రెడరిక్ సావేజ్ అనే ఆయన 19వ శతాబ్దం రెండో సగంలో రాట్నం మధ్యలో ఆవిరి యంత్రం పెట్టాడు. అప్పటిదాకా అక్కడ కూడా మనుషులో, పొట్టి గుర్రాలో తిప్పినవే. ఆవిరి రాగానే రాట్నం పెద్దదైంది, గుర్రాలు పైకీ కిందికీ దూకడం నేర్చాయి. జెయింట్ వీల్ కథ కూడా అంతే. మన కొయ్య తొట్ల రాట్నాల్లాంటివి అంతకుముందే చాలా దేశాల్లో ఉన్నాయి. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో జార్జ్ ఫెర్రిస్ దాన్ని ఉక్కుతో 264 అడుగుల ఎత్తున నిలబెట్టాడు. 36 పెట్టెలు, ఒక్కో పెట్టెలో 60 మంది. అంటే ఒకేసారి 2,160 మంది! పల్నాటి ప్రభ గారి ఇద్దరు కుర్రాళ్ళు చేసిన పనిని అక్కడ ఆవిరి యంత్రాలు చేశాయి.

నాంపల్లి గేటు గారూ, మీరు మోటార్ సైకిల్ బావి (బావిలాంటి గుండ్రటి గోడ మీద బండి నడిపే ఆట) సంగతి మర్చిపోయారు. నేను ఇంజనీరింగ్‌లో చేరింది దాని వల్లే. నిలువు గోడ మీద బండి ఎందుకు పడిపోదు? తిరిగేటప్పుడు గోడ బండిని లోపలికి నెడుతుంది. ఆ నెట్టుడు ఎంత గట్టిగా ఉంటే టైరుకు గోడ మీద పట్టు అంత గట్టిగా ఉంటుంది, ఆ పట్టే కిందికి జారకుండా ఆపుతుంది. వేగం తగ్గితే పట్టు తగ్గుతుంది, ఇక జారడమే. వాళ్ళు ఆ లెక్కలేవీ రాయకుండానే, ఒంటి చేత్తో నడుపుతూ, పైనున్న జనం చేతుల్లోంచి నోట్లు అందుకునేవారు.

నాంపల్లి గేటు | సోమవారం సాయంత్రం

మర్చిపోలేదు మాస్టారూ, దాచుకున్నాను. చెక్క పలకల గోడ, బండి దగ్గరికొచ్చినప్పుడు మనం నిలబడ్డ మెట్టంతా గడగడలాడేది. పెట్రోలు వాసన, ఆ చప్పుడు... నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకుని చూపించేవారు. నోటు అందుకున్నాయన కింద దిగాక చూస్తే మా పక్కింటి అన్న వయసే ఉన్నాడు.

చిట్టితల్లి అమ్మ | సోమవారం రాత్రి

అందరూ మురిపెంగా రాస్తున్నారు, బాగుంది. కానీ నాదొక మాట. మన చిన్నప్పుడు ఏమీ కాలేదు కాబట్టి అంతా క్షేమమే అనుకోకూడదు. ఏమైనా అయినవాళ్ళు ఇక్కడికొచ్చి రాయరు కదా. మొన్న వేసవిలో మా పక్క పట్నంలో ఎగ్జిబిషన్ పెడితే పాపను తీసుకెళ్ళాను. కూర్చున్నాక ముందు అడ్డం వేసే కడ్డీకి పిన్ను లేదు, బైండింగ్ వైరు చుట్టి ఉంది. ఇదేంటని అడిగితే "ఏం కాదమ్మా, రోజూ వందల మంది ఎక్కుతున్నారు" అన్నాడు. పాపను దింపేసి వచ్చేశాను. ఇంటికొచ్చేదాకా ఏడుస్తూనే ఉంది. నాకు టెన్షన్‌తో చేతులు వణికాయి. పాత రాట్నాలు మంచివి, కొత్తవి చెడ్డవి అని నేననను. తనిఖీ లేకపోతే రెండూ ప్రమాదమే.

పల్నాటి ప్రభ | సోమవారం రాత్రి

అక్కా, మీరన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. ఆ పాకే కుర్రాళ్ళకు తాడు లేదు, కింద వల లేదు. వాళ్ళలో ఎవరైనా జారిపడ్డారేమో మాకెవరు చెప్తారు? తిరునాళ్ళు మూడో రోజుకు ఖాళీ.

రాట్నం వాళ్ళబ్బాయి | మంగళవారం ఉదయం

అమ్మగారూ, మీరు పాపను దింపడమే సరైన పని. మా తాత ఉంటే మీకు దణ్ణం పెట్టేవాడు. నేనిప్పుడు ఎలక్ట్రీషియన్ పని చేస్తున్నాను, ఎగ్జిబిషన్లకు లైటింగ్ కూడా కడుతుంటాను. తల్లిదండ్రులు చూడాల్సినవి నాకు తెలిసినంతలో చెప్తాను. ముందు టికెట్ కౌంటర్ దగ్గరికి కాదు, ఆ యంత్రం కాళ్ళ దగ్గరికి వెళ్ళండి. కాళ్ళ కింద దిమ్మలు సమంగా, గట్టిగా ఉన్నాయా, లేక ఇటుక ముక్కలు దూర్చారా? వాన పడ్డ రోజైతే నేల చుట్టూ మెత్తబడిందా? ఒక ఖాళీ ఆట తిరిగేటప్పుడు చెవి పెట్టండి. ఒకేలా వచ్చే చప్పుడు పరవాలేదు, చుట్టుకొకసారి ఠక్కుమంటే మాత్రం ఎక్కించకండి. నడిపేవాడు ప్రతి కడ్డీని తన చేత్తో లాగి చూస్తున్నాడా లేదా అన్నది అన్నిటికన్నా ముఖ్యం. కూర్చున్నచోటు నుంచే స్విచ్ వేస్తే దిగిపోండి. ఆడపిల్లల చున్నీలు, జడలు ముడి వేయండి. జనరేటర్ వైర్లు నేల మీద, నీళ్ళలో కనపడితే ఆ ప్రదర్శనలోనే ఉండకండి.

మాస్టారి ప్రశ్నకు: అవునండీ, నాన్న బయట, అమ్మ లోపల. మీ లెక్క చదివి వినిపిస్తే "ఆ సంగతి నా భుజానికి ఎప్పుడో తెలుసు" అంది అమ్మ.

నాంపల్లి గేటు | మంగళవారం ఉదయం

తనిఖీ సంగతి వచ్చింది కాబట్టి. 2019 జనవరి 30 రాత్రి నుమాయిష్‌లో మంటలంటుకుని వందలాది దుకాణాలు కాలిపోయాయి. ప్రాణాలు పోలేదు గానీ ఏడాది పెట్టుబడి అంతా బూడిదైన వ్యాపారులను టీవీలో చూసి ఇంట్లో ఎవరం అన్నం తినలేకపోయాం. ఆ తర్వాతే నీళ్ళ ఏర్పాట్లు, దారులు మెరుగుపడ్డాయి. అంతకుముందే చేసి ఉంటే ఎంత బాగుండేది.

ఢిల్లీ తెలుగు | మంగళవారం మధ్యాహ్నం

నాన్నగారి ఉద్యోగం వల్ల నా బాల్యం ఢిల్లీలో. మాకు అప్పూ ఘర్. 1984 నవంబరు 19న ప్రగతి మైదాన్‌లో తెరిచారు. 1982 ఆసియా క్రీడల ఏనుగు బొమ్మ అప్పూ పేరే పెట్టారు. మన ఊళ్ళ నుంచి చుట్టాలొస్తే ఎర్రకోట, కుతుబ్ మినార్, అప్పూ ఘర్, ఆంధ్రా భవన్‌లో భోజనం. 2008లో మూసేశారు. ఆ స్థలంలో కొంత భాగంలో ఇప్పుడు సుప్రీంకోర్టు అదనపు భవనాలున్నాయి. అటు వెళ్ళినప్పుడల్లా రోలర్ కోస్టర్ ఎక్కడుండేదో కళ్ళతో వెతుకుతాను.

పిట్స్‌బర్గ్ వేంకన్న భక్తుడు | మంగళవారం రాత్రి

మేము పిట్స్‌బర్గ్‌లో ఉంటున్నాం. పెన్ హిల్స్ గుట్ట మీద వేంకటేశ్వరస్వామి గుడికి దూరాల నుంచి తెలుగువాళ్ళు వస్తారు. దర్శనం, పులిహోర అయ్యాక పిల్లలున్నవాళ్ళు చాలామంది వెళ్ళేది కెన్నీవుడ్ పార్కుకే. 1898 నుంచి ఉంది. సెలవు రోజుల్లో కూడా జనం ట్రాములెక్కాలని ట్రాము కంపెనీ వాళ్ళు దారి చివర పెట్టిన పార్కు అది. అందులో 1926లో తయారైన రంగులరాట్నం ఇప్పటికీ తిరుగుతోంది. గుర్రాలతో పాటు ఒక సింహం, ఒక పులి కూడా ఉన్నాయి. కొంగ గారు సింహం అనగానే నాకదే గుర్తొచ్చింది.

ఇదే పెన్సిల్వేనియా రాష్ట్రంలో కనోబెల్స్ అని ఇంకొక పార్కు ఉంది. లోపలికి వెళ్ళడానికి టికెట్టు లేదు, ఎక్కిన ఆటకే డబ్బు. అక్కడి పెద్ద రాట్నం 1913 నాటిది, చేత్తో చెక్కిన 63 గుర్రాలు. బయటి వరసలో కూర్చున్నవాళ్ళు తిరుగుతూనే చెయ్యి చాచి పక్కనున్న గొట్టంలోంచి ఉంగరాలు లాగొచ్చు. ఇత్తడి ఉంగరం చేతికొస్తే ఒక ఆట ఉచితం. మీ నాన్నగారితో నెట్టి ఉచితంగా ఎక్కిన పిల్లల గురించి చదివాక నాకు ఆ ఉంగరం కన్నా మీ పద్ధతే గొప్పగా తోచింది అబ్బాయి గారూ.

ఒక విశేషం. అమెరికాలో రాట్నాలు, పైనుంచి చూస్తే, గడియారం ముళ్ళకు ఎదురు దిశలో తిరుగుతాయి కాబట్టి చూసేవాళ్ళకు గుర్రం కుడి పక్క కనపడుతుంది. చెక్కినవాళ్ళు ఆ పక్కకే పూలు, జూలు, నగలు పెట్టారు. లోపలి పక్క సాదాగా ఉంటుంది. ఇంగ్లండులో రాట్నం రెండో వైపు తిరుగుతుంది, అక్కడ అలంకారమంతా ఎడమ పక్కన. ఈ గుర్రాలను చెక్కినవాళ్ళ పేర్లు ఇక్కడ పుస్తకాల్లో ఉన్నాయి, మ్యూజియాల్లో గుర్రాలున్నాయి. మన తాతల గుర్రాలు ఎక్కడున్నాయి?

మెరీనా ఇసుక | బుధవారం ఉదయం

చెన్నైలో మూడు తరాలుగా ఉంటున్న తెలుగువాళ్ళం. చేత్తో తిప్పే రాట్నాలు ఎక్కడా లేవనుకోకండి. మెరీనా బీచ్‌లో ఇసుక మీద ఇంకా ఉన్నాయి. చిన్నవి, నాలుగైదేళ్ళ పిల్లలకు సరిపోయేవి. సాయంత్రం పూట వెళ్ళండి. పిల్లల్ని ఎక్కించేటప్పుడు తిప్పే మనిషిని కూడా పలకరించి, ఏ ఊరు, ఎన్నాళ్ళ నుంచి చేస్తున్నారు అని అడగండి. నేను ఈ వారాంతం వెళ్ళి మాట్లాడి, వాళ్ళు ఒప్పుకుంటే ఆ మాటలు ఇక్కడ రాస్తాను.

సీమ రేగుపండు | బుధవారం మధ్యాహ్నం

కదిరి నరసింహస్వామి తేరు. ఫాల్గుణంలో. తేరు మీదికి జనం మిరియాలు, దవనం విసురుతారు. ఆ దవనం వాసన ఒళ్ళంతా పట్టుకుని ఉండగానే రాట్నం ఎక్కేవాళ్ళం. మా అవ్వ గట్టిగా నన్ను పట్టుకుని ఆ కుర్చీలోనే కూర్చునేది, ఆమెకూ ఇష్టమే.

బడి పంతులు | బుధవారం సాయంత్రం

ఇదంతా మొదటి నుంచి చదివాను. నేను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తాను. మా బడి ఆవరణలో చోటుంది. ఊళ్ళో వడ్రంగి ఉన్నారు, దాతలూ ముందుకొస్తున్నారు. పిల్లలే నెట్టుకుని తిరిగే చిన్న రాట్నం ఒకటి పెట్టాలని కోరిక. అబ్బాయి గారూ, కొలతలు చెప్పగలరా? మాస్టారూ, ఎంత వేగం వరకు పరవాలేదో మీరు చెప్పండి. చిట్టితల్లి అమ్మ గారూ, ముందు మీ షరతులు రాయండి, వాటి ప్రకారమే చేయిద్దాం.

చిట్టితల్లి అమ్మ | బుధవారం రాత్రి

సంతోషం పంతులు గారూ. నావి ఇవి. కింద ఇసుక మందంగా పోయించండి, సిమెంటు వద్దు. అంచుకూ నేలకూ మధ్య పిల్లల కాలు ఇరుక్కునే సందు ఉండకూడదు. నెలకొకసారి ఎవరు చూస్తారో వాళ్ళ పేరు బడి గోడ మీద రాయించండి.

లెక్కల మాస్టారు | బుధవారం రాత్రి

అంచు మీటరున్నర దూరం దాటొద్దు. అప్పుడు పిల్లలు ఎంత నెట్టినా చుట్టుకు ఐదారు సెకన్ల లోపు రాకుండా బేరింగు దగ్గర కాస్త బిగువు ఉంచితే చాలు. అంచు దగ్గర వేగం గంటకు ఆరేడు కిలోమీటర్లు దాటదు.

రాట్నం వాళ్ళబ్బాయి | గురువారం ఉదయం

పంతులు గారూ, కొలతలు నేను చెప్పడం కాదు, వస్తాను. గుంజ మాత్రం నేను వచ్చేదాకా కొనకండి. నీలగిరి కర్ర తక్కువలో వస్తుందని ఎవరైనా అంటారు, వద్దు, ఎండకు పగులుతుంది. వీలైతే గట్టి ఇనుప గొట్టం పెట్టి కింద కాంక్రీటు పోద్దాం. ములుకు, గిన్నె బదులు లారీ చక్రం బేరింగు వాడదాం, పాత సామాన్ల దుకాణంలో మంచివి దొరుకుతాయి, మాస్టారు చెప్పిన బిగువు దాంట్లో పెట్టొచ్చు. మీ ఆవరణ పొడవు వెడల్పులు, దగ్గర్లో చెట్ల వేళ్ళు ఎంతదాకా వచ్చాయో ఫొటోలు పంపండి. మా ఇంటి అటక మీద తాత చెక్కిన గుర్రం ఒకటుంది. దాన్ని చూసి మీ వడ్రంగి గారు అచ్చు తీసుకోవచ్చు. కళ్ళు దిద్దడానికి తనూ వస్తానంటోంది అమ్మ. బస్సులో కింది సీటు దొరికే రోజు చూసి టికెట్లు తీస్తాను.